అప్‌లోడ్ అయ్యాక ఉండేది మీరేనా? తేల్చుకునే పద్ధతి

మెదడును స్కాన్ చేసి కంప్యూటర్‌లో నడిపిస్తే ఆ మనిషి బతికినట్టేనా అని అడగండి, ఎవరైనా ఠక్కున జవాబు చెప్పేస్తారు. స్కాన్ ఎలా చేస్తారు, పాత మెదడు ఏమవుతుంది, కాపీలు ఎన్ని తీస్తారు అని తిరిగి అడిగితే అప్పుడు తడబడతారు. ఈ మూడూ తేల్చకుండా చెప్పిన జవాబు దేనికీ పనికిరాదు. అప్‌లోడ్ పథకం కథలోదైనా, కంపెనీ బ్రోషర్‌లోదైనా దాన్ని నిలబెట్టి ప్రశ్నించే వరస ఇది. ఒక నోట్‌బుక్, గంటన్నర సమయం, మీతో ఏకీభవించని మనిషి ఒకరు కావాలి. ఒంటరిగా కూర్చుంటే నచ్చిన జవాబు తగలగానే నోట్‌బుక్ మూసేస్తాం, అందుకే ఆ రెండో మనిషి.

పేజీని మూడు నిలువు గడులు చేయండి

మొదటి గడి పైన "అది అచ్చం నాలాగే ఉందా?", రెండో దానిపైన "అది నేనేనా?", మూడో దానిపైన "దానికి లోపల అనుభవం అంటూ ఏమైనా ఉందా?" అని రాయండి. ఈ విషయం మీద జరిగే గొడవలు చాలావరకు ఈ మూడింటినీ కలిపేయడం వల్లే వస్తాయి.

మొదటిది పోలికల లెక్క. మీ జోకులు, మీ పాస్‌వర్డులు, మీ అన్నయ్య మీద మీకున్న పాత కోపం అన్నీ దానికీ ఉంటే టిక్ పెట్టేయొచ్చు. ఆ టిక్ పడినంత మాత్రాన రెండో గడి నిండదు. అచ్చుగుద్దినట్టున్నవి రెండుంటే అవి రెండే.

మూడో గడి మీద పండితుల్లోనే పొత్తు కుదరలేదు. గుర్తుల్ని నియమాల ప్రకారం అటూ ఇటూ మార్చినంత మాత్రాన అర్థం చేసుకోవడం పుట్టదని తత్వవేత్త జాన్ సెర్ల్ 1980లో వాదించాడు. నాడీశాస్త్రవేత్త జూలియో టొనోని చెప్పిన ఇంటిగ్రేటెడ్ ఇన్ఫర్మేషన్ సిద్ధాంతం ప్రకారం మామూలు డిజిటల్ కంప్యూటర్ మెదడును ఎంత బాగా అనుకరించినా దానికి చైతన్యం దాదాపు ఉండదు. ఫంక్షనలిస్టులేమో అమరిక సరిగ్గా కుదిరితే చాలు, అది మాంసమైనా సిలికాన్ అయినా ఒకటేనంటారు. ఇది మీ గంటన్నరలో తేలే తగవు కాదు. పేజీ నెత్తిన "అనుభవం ఉందనే అనుకుందాం" అని రాసి పక్కన పెట్టండి. ముందే అలా రాసుకోకపోతే, రెండో గడిలో ఇరుక్కున్న ప్రతిసారీ ఎవరో ఒకరు "అసలు దానికి ప్రాణమే లేదుగా" అని మూడో గడిలోకి దూకేస్తారు.

ప్రక్రియను ఐదు వాక్యాల్లో రాయండి

ఏం చదువుతున్నారు, ఎంత సూక్ష్మంగా? చదివేటప్పుడు మనిషి బతికున్నాడా? చదివాక మెదడు మిగులుతుందా? ఫైళ్లు ఎన్ని? వాటిని ఎప్పుడు నడుపుతారు? ఒక్కోదానికి ఒక్క వాక్యం చాలు. వాక్యం రాయలేకపోయారంటే పథకంలో అక్కడ బొక్క ఉన్నట్టే.

మొదటి ప్రశ్నకు "అంతా చదువుతాం" అంటే ఒప్పుకోకండి. ఇప్పుడున్న మేలైన పద్ధతిలో కణజాలాన్ని రసాయనాలతో బిగించి, 30 నుంచి 40 నానోమీటర్ల మందం పొరలుగా కోసి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద ఒక్కో పొరనూ ఫోటో తీస్తారు. హార్వర్డ్, గూగుల్ పరిశోధకులు 2024లో ప్రచురించిన మనిషి మెదడు ముక్క దాదాపు ఒక ఘన మిల్లీమీటర్. అందులో సుమారు 57,000 కణాలు, 15 కోట్ల సినాప్సులు (న్యూరాన్లు ఒకదానితో ఒకటి కలిసే చోట్లు). దాని డేటా 1.4 పెటాబైట్లు (ఒక పెటాబైట్ అంటే వెయ్యి టెరాబైట్లు). మనిషి మెదడు మొత్తం సుమారు 12 లక్షల ఘన మిల్లీమీటర్లనుకుని గుణించండి: 16.8 లక్షల పెటాబైట్లు. 20 టెరాబైట్ల హార్డ్ డిస్కులు 8.4 కోట్లు కావాలి. అది కూడా బొమ్మల్ని దాచుకోవడానికే, నడపడానికి కాదు.

ఇంతకన్నా ముఖ్యమైన చిక్కు ఇంకొకటుంది. సీ ఎలిగాన్స్ అనే చిన్న పురుగుకు ఉండేవి 302 న్యూరాన్లు. ఏ న్యూరాన్ దేనితో కలిసి ఉందో చూపే మ్యాప్ 1986లోనే వచ్చింది. ఆ మ్యాప్ ఒక్కటీ పెట్టుకుని పురుగు ప్రవర్తనను పూర్తిగా రాబట్టడం నేటికీ కుదరలేదు. 2023లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు న్యూరాన్లను ఒక్కొక్కటిగా ప్రేరేపించి సంకేతం ఎక్కడెక్కడికి పోతుందో కొలిస్తే, అది మ్యాప్‌ని బట్టి వేసిన అంచనాతో చాలాచోట్ల కలవలేదు. కొన్ని సంకేతాలు సినాప్సుల దారి పట్టకుండా రసాయనాల రూపంలో బయటినుంచే పోతున్నాయి. 302 న్యూరాన్ల దగ్గరే పరిస్థితి ఇది. మనిషికున్నవి సుమారు 8,600 కోట్లు.

కాబట్టి మొదటి గడి పక్కన "ఫోటోలో పడనివి" అని ఒక జాబితా పెట్టండి: అయాన్ ఛానెళ్లు (న్యూరాన్ పొరలో విద్యుత్ కణాలు దాటే ద్వారాలు) ఎక్కడ ఎంత దట్టంగా ఉన్నాయి, న్యూరాన్ల తీరును మార్చే న్యూరోమాడ్యులేటర్ రసాయనాల స్థాయిలు, సినాప్సులు దాటి పోయే పెప్టైడ్లనే చిన్న ప్రొటీన్ ముక్కలు, న్యూరాన్లకు తోడుగా ఉండే గ్లియా కణాల పాత్ర. పథకం వీటిని వదిలేస్తే మొదటి గడిలోనే టిక్ పడదు. తయారయ్యేది మీలాగే ఉండదు, ఇక అది మీరేనా అన్న ప్రశ్న దాకా పోనక్కర్లేదు. తత్వం మాట్లాడేవాళ్లు ఈ మెట్టును ఎగరేసి ముందుకు పోతారు, ఇంజనీర్లు ఇక్కడే కూలబడిపోతారు. మీరు లోటుపాట్లు రాసుకుని, అవన్నీ ఏనాటికో పూడ్చారనే అనుకుని ముందుకు కదలండి.

కట్-పేస్ట్ పరీక్ష

అప్‌లోడ్ అనగానే మన బుర్రలో మెదిలేది పరకాయ ప్రవేశం. శంకరుడు తన దేహాన్ని శిష్యుల కాపలాలో ఉంచి అమరుక మహారాజు దేహంలో ప్రవేశించాడని చెప్పే కథలో ఒక్క జీవుడే ఇక్కణ్ణుంచి అక్కడికి పోయాడు. ఇక్కడ ఖాళీ, అక్కడ నిండు. అప్‌లోడ్‌లో అలా పోయేది ఏమైనా ఉందా అన్నదే ఈ పరీక్ష.

కంప్యూటర్ వాడేవాళ్లకు ఇది తెలిసిన విషయమే. ఒకే డ్రైవ్‌లో ఫైల్‌ని ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కి కట్-పేస్ట్ చేస్తే డేటా ఉన్నచోటు నుంచి కదలదు, డైరెక్టరీలో దాని చిరునామా మాత్రం మారుతుంది. అదే పెన్‌డ్రైవ్‌లోకి కట్-పేస్ట్ చేస్తే లోపల జరిగేవి రెండు పనులు: ముందు కాపీ, తర్వాత డిలీట్. తెర మీద మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి.

మీ ఐదు వాక్యాల్లో "పంపడం", "మార్చడం", "బదిలీ" లాంటి మాటలు ఎక్కడున్నా కొట్టేసి "చదివి, వేరేచోట రాసి, మొదటిదాన్ని తీసేసి" అని రాయండి. రాశాక వాక్యం ఇంకా నిజమేనా? మెదడును స్కాన్ చేసే ఏ పద్ధతిలోనైనా నిజమే. ఇప్పుడు చివరి మాట, "తీసేసి" అన్నది, ఆపి చూడండి. స్కాన్ అయ్యాక మీరు మంచం దిగి ఇంటికెళ్లిపోయారు, కాపీ సర్వర్‌లో నడుస్తోంది. ఆ సర్వర్‌లో ఉన్నది మీరేనా? "కాదు, నేను ఇక్కడే ఉన్నాగా" అన్నారంటే ఆ జవాబు మీద గట్టిగా నిలబడండి. మంచం మీద మీరు చచ్చిపోయినంత మాత్రాన సర్వర్‌లోది మీరైపోదు. అక్కడున్న దాంట్లో ఒక్క బిట్ కూడా మారలేదు కదా.

ఈ వాదానికి ఎదురు లేకపోలేదు. పోటీదారు ఉన్నప్పుడు ఒక జవాబు, లేనప్పుడు ఒక జవాబు రావచ్చని తత్వవేత్త రాబర్ట్ నోజిక్ 1981లో అన్నాడు. మీకు అందరికన్నా దగ్గరి కొనసాగింపు ఎవరైతే వాళ్లే మీరు. మంచం మీద మనిషి ఉంటే ఆయన, లేకపోతే సర్వర్. ఎదుటి మనిషి ఈ మాట అంటే తోసిపుచ్చకండి, రెండు కాపీల పరీక్ష దాకా పట్టుకు రండి. అక్కడ అది ఎంతవరకు నిలుస్తుందో తేలుతుంది.

కొలబద్ద ఏదో ముందే చెప్పండి

"నేను" అంటే ఏది కొనసాగాలి? ఒక్కటే ఎంచుకుని రాయండి. మధ్యలో మార్చకూడదు.

శరీరమే అంటే పని సులువు: అప్‌లోడ్ అంటే చావే, చర్చ అయిపోయింది. ఆత్మ అంటే అది స్కానర్‌కు అందే వస్తువు కాదు గనక, ఫైల్ వెంట వచ్చిందో లేదో తేల్చే పరీక్ష ఉండదు. ఆ గడిలో "తేలదు" అని రాయండి, "అవును" అని మాత్రం రాయకండి.

మెదడే అన్నవాళ్లకు తలలు తారుమారైన భేతాళ కథ అండగా ఉంటుంది. భర్త తల ఎవరి మొండెం మీద ఉందో అతనే భర్త అని విక్రమార్కుడు తీర్పిచ్చాడు, ఎందుకంటే శరీరంలో తలే ప్రధానం. కానీ ఆ తీర్పుకు తల అనే వస్తువు ఒకటి కళ్లెదుట ఉంది. అప్‌లోడ్‌లో తల వెళ్లదు, తలలో రాసి ఉన్నదాని నకలు వెళ్తుంది. అదే రాత ఇద్దరి తలల్లో ఉంటే భార్య ఎవరితో పోవాలని భేతాళుడు అడిగి ఉంటే విక్రమార్కుడు మౌనంగానే శవంతో యోగి దాకా నడిచేవాడేమో.

జ్ఞాపకమే అన్నవాళ్లు తత్వవేత్త జాన్ లాక్ శిబిరం. 1694 నుంచీ ఉన్న ఈ వాదానికి థామస్ రీడ్ 1785లో గండి కొట్టాడు: ముసలి జనరల్‌కు యువ అధికారిగా చేసినవి గుర్తున్నాయి, ఆ అధికారికి చిన్నప్పుడు తిన్న దెబ్బలు గుర్తున్నాయి, జనరల్‌కు మాత్రం దెబ్బలు గుర్తులేవు. అప్పుడు జనరల్ ఆ కుర్రాడే, ఆ కుర్రాడు కాదు కూడా. నేరుగా గుర్తుండనక్కర్లేదు, గొలుసులో లింకులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటే చాలు అని దీన్ని సర్దారు. అప్‌లోడ్‌కు అనుకూలమైన కొలబద్ద ఇదే. దీని బలహీనతా అదే, ఎందుకంటే గొలుసు రెండు పాయలుగా చీలొచ్చు.

తెగని చైతన్య ప్రవాహం అన్నవాళ్లకు ఆపరేషన్ థియేటర్‌లోనే జవాబుంది. గుండె నుంచి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళమైన బృహద్ధమని వంపుకు చేసే కొన్ని శస్త్రచికిత్సల్లో శరీరాన్ని 18 డిగ్రీల దాకా చల్లబరిచి రక్తప్రసరణను కాసేపు పూర్తిగా ఆపుతారు, మెదడులోని విద్యుత్తును చూపే ఈఈజీ గీత చదునైపోతుంది. మళ్లీ వేడెక్కించాక లేచేది ఆ రోగే. అంటే ప్రవాహం తెగినా నిర్మాణం నిలిస్తే చాలు. అప్‌లోడ్‌ను సమర్థించేవాళ్లు దీన్ని తమ వాదానికి వాడుకుంటారు. అయితే ఇక్కడ నిలిచింది నిర్మాణం తాలూకు నకలు కాదు, ఆ నిర్మాణమే. ఆ తేడాను పేజీలో రాసి ఉంచండి.

"నేను" అని విడిగా ఏదీ లేదనే బౌద్ధుల దారీ ఉంది. రాత్రి మొదటి జాములో వెలిగిన దీపజ్వాల, చివరి జాములో ఉన్న జ్వాల ఒకటేనా అని భిక్షువు నాగసేనుడు మిళింద రాజును అడుగుతాడు. అదే కాదు, వేరొకటీ కాదు. ఈ కొలబద్ద ఎంచుకుంటే రెండో గడిలోని ప్రశ్నే సరిగ్గా వేసినది కాదని ఒప్పుకోవాలి. ఒప్పుకుని, మళ్లీ "అయితే నేను బతికిపోయినట్టే" అనేవాళ్లు ఎక్కువ. అది కుదరదు.

రెండు కాపీల పరీక్ష

ఎ అనే మనిషిని స్కాన్ చేసి ఆ ఫైల్‌ని రెండు సర్వర్లలో నడిపారు: బి, సి. ఎ-యే బి అయితే, ఎ-యే సి కూడా అయితే, బి-యే సి కావాలి. కానీ బి పాట వింటోంది, సి నిద్రపోతోంది. కాబట్టి ఆ రెండు సమీకరణాల్లో కనీసం ఒకటి తప్పు. రెండు కాపీలూ అన్ని విధాలా సమానం గనక ఒకదాన్ని మాత్రం ఎంచుకోవడానికి కారణం దొరకదు.

తప్పించుకునే దారులు నాలుగున్నాయి, ప్రతిదానికీ ఖర్చుంది. చీలితే ఎవరూ మీరు కారు, ఒక్కటే ఉంటేనే మీరు అనొచ్చు. అలాగైతే మీ చావుబతుకులు మీకు తెలియని ఊళ్లో ఎవరో టెక్నీషియన్ రెండోసారి బటన్ నొక్కాడా లేదా అన్నదాని మీద ఆధారపడతాయి. రెండోది నోజిక్ దారి, అదీ చివరికి ఇక్కడికే చేరుతుంది. సమ ఉజ్జీలు ఇద్దరుంటే దగ్గరివాళ్లు ఎవరూ లేనట్టే. మూడోది డేవిడ్ లూయిస్ 1976లో చెప్పింది: మొదటినుంచీ ఒకే శరీరంలో ఇద్దరున్నారు, ఇప్పుడు విడిపోయారు. లెక్క సరిపోతుంది గానీ, రేపు ఎవరైనా కాపీ తీస్తారేమో తెలియకుండా ఇవాళ గదిలో ఎందరున్నారో చెప్పలేం. నాలుగోది డెరెక్ పార్ఫిట్ 1984లో చెప్పినది: "అది నేనేనా" అనేదానికి మనం ఇచ్చే ప్రాధాన్యమే తప్పు, నా మనసుతో ముడిపడిన కొనసాగింపు ఉందా లేదా అన్నదే లెక్కలోకి వస్తుంది.

ఇదంతా ఊహ అని కొట్టేసే మనిషి పక్కనుంటే రెండు నిజాలు చెప్పండి. తీవ్రమైన మూర్ఛ ఉన్న పిల్లలకు మెదడులో ఒక సగాన్ని తీసేసే లేదా విడదీసే శస్త్రచికిత్స ఉంది, ఆ తర్వాత కూడా వాళ్లు మన పిల్లలే. రెండు సగాల మధ్య వంతెనను కోసినవాళ్లలో ఒక్కో సగం రెండోదానికి తెలియని సంగతి తెలుసుకోగలదని రోజర్ స్పెర్రీ చూపించాడు, 1981లో నోబెల్ వచ్చింది అందుకే. ఒక్క సగంతోనే మనిషి నిలబడగలిగితే, చీలిక అనేది అంత వింత ఊహేమీ కాదు.

నెమ్మదిగా మార్చితే?

ఇక్కడికొచ్చేసరికి ఎదుటి మనిషి తప్పకుండా అనే మాట: "ఒక్కసారిగా వద్దు, న్యూరాన్ తర్వాత న్యూరాన్‌ను చిప్‌తో మారుద్దాం." హాన్స్ మొరావెక్ 1988లో ఈ తరహా ఊహను వివరంగా రాశాడు. అన్ని పథకాల్లోకీ బలమైనది ఇదే, కాబట్టి తొందరపడకండి.

నాగార్జునుడి పేరు మీద, కుమారజీవుడి చైనా అనువాదంలో మిగిలిన గ్రంథంలో ఒక కథ ఉంది. పాడుబడ్డ ఇంట్లో రాత్రి తలదాచుకున్న బాటసారి దగ్గరికి ఇద్దరు రాక్షసులు ఒక శవం కోసం తగవుపడుతూ వస్తారు. మొదట తెచ్చినవాడిదే శవమని బాటసారి నిజం చెబుతాడు. రెండోవాడు కోపంతో బాటసారి చెయ్యి పీకేస్తే, మొదటివాడు శవం చెయ్యి తెచ్చి అతికిస్తాడు. అలా చేతులు, కాళ్లు, తల, మొండెం అన్నీ మారిపోతాయి. పీకిన ముక్కల్ని ఇద్దరూ తినేసి మూతులు తుడుచుకుని పోతారు. తెల్లారాక అతను భిక్షువుల్ని అడిగేది ఒక్కటే: నాకిప్పుడు శరీరం ఉన్నట్టా, లేనట్టా?

ఆ రాక్షసులు తినేయడం వల్ల ఒక ప్రశ్న మిగలకుండా పోయింది. థామస్ హాబ్స్ 1655లో దాన్నే అడిగాడు: ఓడ పలకల్ని ఒక్కొక్కటిగా మార్చుతూ, మరమ్మతులో తీసేసిన పాత పలకలన్నీ దాచిపెట్టి, అదే వరసలో వాటితో ఇంకో ఓడ కడితే ఏది అసలు ఓడ? మీ పథకంలో తీసేసిన న్యూరాన్లను పారేయకుండా పక్క గదిలో తిరిగి అమర్చారనుకోండి. ఆ గదిలో లేచే మనిషికి ఏం చెబుతారు? నెమ్మదిగా మార్చడమే మిమ్మల్ని కాపాడిందనుకుంటే, ఈ పథకాన్ని నోట్‌బుక్‌లో పదేళ్ల నుంచి ఏడాదికి, ఒక రోజుకు, ఒక సెకనుకు కుదించి చూడండి. ఎక్కడో ఒకచోట జవాబు మారుతుంది. మారిన చోట గీత గీసి, అక్కడే ఎందుకో చెప్పగలరా? చెప్పలేకపోతే వేగం మీ వాదంలో పని చేయడం లేదు.

రెండు పొరపాట్లు ఇక్కడ తరచూ దొర్లుతాయి. ఒకటి, "ఏడేళ్లకోసారి ఒంట్లో కణాలన్నీ మారిపోతాయిగా, మనం అలాగే ఉన్నాంగా" అనడం. స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా పరిశోధకులు అణుపరీక్షల వల్ల గాలిలో చేరిన కార్బన్-14ని ఆధారం చేసుకుని కణాల వయసు లెక్కగట్టారు. మెదడు పైపొరలోని న్యూరాన్ల వయసు దాదాపు ఆ మనిషి వయసే. వాటిలోని అణువులు మారుతుంటాయి గానీ కణాలు అలాగే ఉంటాయి. రెండోది, న్యూరాన్లను ఒక్కొక్కటిగా మార్చడం మీద డేవిడ్ చాల్మర్స్ 1995లో చేసిన వాదాన్ని ఇక్కడ వాడేయడం. అది చైతన్యం మెల్లగా మసకబారుతుందా అన్నదాని గురించి. అంటే మూడో గడికి చెందింది, రెండో గడికి సాక్ష్యం కాదు.

అదే సంఘటనను రెండు రకాలుగా రాయండి

బెర్నార్డ్ విలియమ్స్ 1970లో చూపించిన కిటుకు ఇది, పది నిమిషాలు చాలు. ఒక కాగితం మీద: "నా మనసు సర్వర్‌లోకి చేరింది, పాత శరీరం ఖాళీ అయింది. రేపు ఆ ఖాళీ శరీరాన్ని హింసిస్తారు." ఇంకో కాగితం మీద: "రేపు నన్ను హింసిస్తారు. దానికి ముందు నా జ్ఞాపకాలన్నీ చెరిపేస్తారు, వాటి నకలు ఒకటి వేరేచోట పెడతారు." జరిగేది ఒక్కటే. మొదటిది చదివి నిశ్చింతగా ఉండి, రెండోది చదివి వణికితే, మీ జవాబు వాక్యాన్ని బట్టి వస్తోంది, విషయాన్ని బట్టి కాదు. కొలబద్ద దగ్గరికి మళ్లీ వెళ్లండి.

తీర్పు రాసే తీరు

"ఈ ప్రక్రియలో, ఈ కొలబద్ద ప్రకారం, కాపీలు ఇన్ని ఉంటే" అని మొదలుకాని వాక్యాన్ని తీర్పుగా ఒప్పుకోకండి. కాపీ స్వయంగా "నేను వాణ్ణే, ఒట్టు" అన్నా లెక్కలోకి తీసుకోకండి. అది మీరైనా అదే అంటుంది, కాకపోయినా అదే అంటుంది. నేను చూసినదాన్నే ఇప్పుడు ముట్టుకుంటున్నాను గనక రెండు చోట్లా ఉన్న నేను ఒక్కటే అనే నైయాయికుల (న్యాయ దర్శనం అనే తత్వశాఖ వాళ్ల) వాదం ఆత్మను నిలబెట్టడానికి గట్టి ఆధారమే. కానీ ఇక్కడ అదే మాట బి, సి ఇద్దరూ అనగలరు, అదీ అంతే నమ్మకంగా.

ఇన్ని పరీక్షలూ దాటాక మాకు నిలబడుతున్నట్టు కనిపించే తీర్పు ఇది: మెదడును ముక్కలు కోసి తీసే అప్‌లోడ్ మనిషిని బతికించదు, వారసుణ్ణి తయారుచేస్తుంది. సగంలో ఆగిన పని పూర్తిచేసే, మనవరాలిని గుర్తుపట్టే వారసుడు తక్కువేం కాదు. పార్ఫిట్ మాట నమ్మేవాళ్లకు అంతకన్నా అక్కర్లేదు కూడా. నెమ్మదిగా మార్చే పథకం మీద మాత్రం ఇంత గట్టిగా చెప్పలేం.

ఎవరైనా సంతకం అడిగితే

అమెరికాలో మెదడును భద్రపరుస్తామన్న నెక్టోమ్ అనే స్టార్టప్ 2018లో 10,000 డాలర్ల డిపాజిట్‌తో వెయిటింగ్ లిస్ట్ తెరిచింది. తిరిగి ఇస్తామన్నది నిజమే, ఆ పద్ధతిలో ప్రాణం పోవడమూ నిజమే. గొడవయ్యాక ఎంఐటీ మీడియా ల్యాబ్ దానితో ఒప్పందం తెంచుకుంది. వెనకున్న రసాయన పద్ధతి మటుకు ఉత్తిది కాదు. గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనంతో బిగించి, ఇథిలీన్ గ్లైకాల్ ఎక్కించి, మైనస్ 135 డిగ్రీల దగ్గర ఉంచితే పంది మెదడులో సినాప్సులు చెదరకుండా ఉన్నాయని మైక్రోస్కోప్ కింద తేలి, 2018లో బ్రెయిన్ ప్రిజర్వేషన్ ఫౌండేషన్ బహుమతి వచ్చింది. ఆ బహుమతి దాచడానికి. చదవడానికీ నడపడానికీ ఎవరికీ ఇంకా ఏ బహుమతీ లేదు. బ్రోషర్‌లో ఈ మూడింటినీ ఒకే వాక్యంలో కలిపేస్తే విడదీసి అడగండి.

మన దేశంలో 2018 మార్చి నాటి సుప్రీంకోర్టు కామన్ కాజ్ తీర్పు లైఫ్ సపోర్ట్ తొలగించే దాకానే అనుమతించింది. బతికున్న మనిషి రక్తనాళాల్లోకి గ్లూటరాల్డిహైడ్ ఎక్కించడం దాని కిందికి రాదు. ఫైల్ విషయానికొస్తే, 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం మనిషి పోయాక అతని డేటా హక్కుల్ని వాడుకోవడానికి నామినీని పెట్టుకోనిస్తుంది. కాబట్టి ఒప్పందంలో ఇవి ఉన్నాయో లేదో చూడండి: గరిష్ఠంగా ఎన్ని కాపీలు, ఎవరి అనుమతితో? కంపెనీ మూతపడితే ఫైల్ ఎవరిది? జ్ఞాపకాలు ఎడిట్ చేయొచ్చా? నామినీ డిలీట్ చేయమని, నడుస్తున్న ఫైల్ వద్దని అంటే ఎవరి మాట చెల్లుతుంది?